వంతెన మీద పసుపు మచ్చ

రోడ్డు పరీక్షల బండి డ్రైవరు ఎవరికైనా ముద్దుపేరు పెట్టాడంటే అది జిడ్డులా పట్టుకుంటుంది, ఇక వదలదు. ఆమెకి "అరచేతమ్మ" అని పెట్టాడు. మొదట్లో కోపం వచ్చింది. తర్వాత అలవాటైంది. నెల తిరిగేసరికి ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే తనని కాదనుకుని పక్కకి చూడటం మొదలుపెట్టింది.

ఆమె ఉద్యోగమే అది మరి. బండి ఆగగానే దిగాలి, చేతి తొడుగు తియ్యాలి, రోడ్డు మీద అరచెయ్యి ఆనించాలి, చెప్పాలి. పొడి. తడి. మంచు. అంతే.

"పనంటే నీదే చెల్లెమ్మా," అనేవాడు డ్రైవరు. "రోడ్డుకి జ్వరం ఉందో లేదో చూసి జీతం పుచ్చుకుంటున్నావు."

"నువ్వు కూర్చుని పుచ్చుకుంటున్నావు కదన్నా. నేను కనీసం వంగుతున్నాను."

ఆ ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు "నీకేం వచ్చు?" అని అడిగారు ఆమెని. పెళ్ళికి ముందు ఆమె ఓ పెద్ద లాండ్రీలో పనిచేసింది. ఆసుపత్రి దుప్పట్లు, హోటలు తువ్వాళ్ళు గుట్టలుగా వచ్చేవి. ఏది పూర్తిగా ఆరిందో, ఏ అంచులో చెమ్మ మిగిలిందో చేత్తో చూసి విడదియ్యాలి. చెమ్మ ఉన్నదాన్ని మడత పెడితే మర్నాటికి ముక్కిన వాసన. "నాకు చెమ్మ తెలుస్తుందండీ," అని చెప్పింది. అది చాలన్నారు.

భర్త పరిచయమైంది కూడా ఆ లాండ్రీలోనే. చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లే బండి తోలేవాడు అతను. ఉప్పుతో అట్టకట్టిన కోటు పట్టుకొచ్చి, "ఇది మనిషి లేకుండానే నిలబడుతుంది, చూస్తారా?" అంటూ బల్ల మీద నిజంగానే నిలబెట్టాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసం పై వారం ఇంకో కోటు తెచ్చాడు. దానికి ఉతుకుతో పనే లేదు.

పెళ్ళయ్యాక చలికాలపు ఉదయాలన్నీ ఒకేలా ఉండేవి. అతను పనికి బయల్దేరుతుంటే అత్తగారు గుమ్మంలోకి వచ్చి, "చూసుకుని వెళ్ళు నాయనా," అనేది.

"కళ్ళు మూసుకుని వెళ్తానా అమ్మా!"

రోజూ అదే మాట, రోజూ అదే జవాబు. బండి ఎక్కే ముందు ఎదుటి అద్దాన్ని చొక్కా చేతితో తుడిచేవాడు. భార్య గుడ్డ అందించినా సరే, దాన్ని జేబులో పెట్టుకుని మళ్ళీ మోచేత్తోనే.

రెండేళ్ళ కిందట ఒక ఉదయం ఏటి మీద వంతెన తడిసినట్టు కనిపించింది. అది తడి కాదు, గాజులాంటి మంచు. కింద సిమెంటు స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది, పైనున్న మంచే కనిపించదు. ఉప్పు బండి వెనకనుంచి ఉప్పు చల్లుతుంది, ముందు చక్రాల కింద అదెప్పుడూ ఉండదు. బండి జారి కటకటాలకి కొట్టుకుని పక్కకి ఒరిగింది. అతన్ని తీసుకెళ్ళారు, బండిని తీసుకెళ్ళారు, కారిన నూనె మీద రంపపు పొట్టు పోసి ఊడ్చేశారు. మధ్యాహ్నానికల్లా వంతెన మీద మళ్ళీ బళ్ళు తిరిగాయి.

అప్పటినుంచి అత్తగారు ఎవరినీ "చూసుకుని వెళ్ళు" అనలేదు. మనవరాలు బడికి వెళ్తున్నా, కోడలు పనికి వెళ్తున్నా తలుపు దగ్గరకి వచ్చి నిలబడేది, అంతే. మాటల్లేక కాదు. రేడియోలో వాతావరణం చెప్పేవాడితో రోజూ పోట్లాడే మనిషి ఆవిడ.

పరీక్షల బండి బంపరు కింద పిడికిలంత పెట్టె ఒకటుంది, దానికో గాజు కన్ను. కంటికి కనపడని పరారుణ వెలుగుని అది రోడ్డు మీదకి వదులుతుంది. వెనక్కి వచ్చిన వెలుగుని బట్టి ముందున్నది పొడి సిమెంటో, నీళ్ళో, మంచో, పగిలిన టైరో, పడుకున్న కుక్కో చెప్పాలి. చెప్పడం ఇంకా నేర్చుకుంటోంది. ఆ నేర్పించే పని ఇంజనీరమ్మది. చదువు ముగించి రెండేళ్ళయినా కాలేదు, పక్కనున్నవాళ్ళు గొడుగు పట్టాలంటే చెయ్యి నొప్పెట్టేంత పొడుగు.

"ప్రతిదానికీ ఒక ఆకలి ఉంటుందక్కా," అని మొదటిరోజే చెప్పింది ఇంజనీరమ్మ. "వెలుగులో మనకి కనపడని రంగులు చాలా ఉన్నాయి. నీళ్ళు ఒకదాన్ని మింగేస్తాయి, మంచు ఇంకోదాన్ని, నూనె మరోదాన్ని. మిగిలింది వెనక్కి వస్తుంది. ఏది తగ్గిందో చూస్తే మింగిందెవరో తెలిసిపోతుంది."

ఆమె ఆ సాయంత్రం ఇంట్లో ఆ మాటే చెప్పింది. అత్తగారు పెదవి విరిచింది.

"కంచంలో మిగిలింది చూసి తిన్నదెవరో చెప్పడమేగా! దానికి ఇంత యంత్రమా? నన్నడిగితే నేను చెప్పనూ? ఉల్లిపాయ ముక్కలన్నీ ఏరి అంచున పెట్టి ఉంటే..." అని ఆగిపోయింది.

ఉల్లిపాయలు ఏరిపెట్టేది కొడుకు ఒక్కడే. అంతలో ఆమె కూతురు, చిన్నది, అందుకుంది.

"అమ్మా, అది చీకట్లో కూడా చూస్తుందా?"

"చూస్తుంది. దాని వెలుగు అదే తెచ్చుకుంటుంది."

"మరి నాన్న బండికి పెట్టలేదేం?"

"అప్పటికింకా పుట్టలేదే అది."

చిన్నది తలూపింది. తనకన్నా చిన్నదాన్ని ఏమీ అనకూడదని ఆ పిల్లకి తెలుసు.

పరీక్షలు బాగా సాగితే ఆ గాజు కన్నుని ముందుగా బడి బస్సులకి బిగిస్తారు. చిన్నది ఎక్కే బస్సు కూడా ఏటి వంతెన మీదుగానే వెళ్తుంది. అందుకే ఆమె ఎముకలు కొరికే చలిలోనూ చెయ్యి సరిగ్గా ఆనించేది.

కన్ను చూసింది బండిలోని తెర మీద రంగులుగా కనపడుతుంది. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. చెయ్యి ముందు, తెర తర్వాత. ఆమె వచ్చి చెప్పేదాకా తెర మీద గుడ్డ కప్పి ఉంచాలి. యంత్రం ఏమందో తెలిస్తే మనిషి మనసు అటే మొగ్గుతుంది కదా. ఆమె చెప్పాకే గుడ్డ తీస్తారు. రెండూ ఒకటైతే సరే. తగువొస్తే గెలుపు చేతిదే. "కాదు, ఇది ఫలానా" అని యంత్రానికి మళ్ళీ నేర్పుతారు. బడిలో మాష్టారి మాటే చెల్లినట్టు అక్కడ అరచేతమ్మ మాటే చెల్లేది.

చలి ముదిరాక ఇంజనీరమ్మ వంతెనని కూడా దారిలో చేర్చింది. వంతెనలకి కిందనుంచి కూడా గాలి కొడుతుంది కాబట్టి రోడ్డు కన్నా అవే ముందు గడ్డకడతాయి. డ్రైవరు ఆమెని పక్కకి పిలిచాడు.

"అక్కడికి వేరేవాళ్ళని పంపమని చెప్పనా చెల్లెమ్మా?"

"వేరేవాళ్ళకి చెమ్మ తెలుస్తుందా?" అంది. తొడుగు సర్దుకుని బండెక్కింది.

మొదటిరోజు వంతెన మీద తల ఎత్తకుండా దిగింది, తల ఎత్తకుండా చెయ్యి పెట్టింది. "పొడి." గుడ్డ తీశారు. తెర మీద సిమెంటంతా బూడిద రంగులో ఉంది. మధ్యలో పొడుగ్గా, ఒక పక్క సన్నబడిపోతూ పసుపు మచ్చ. పసుపంటే నూనె.

"ఇక్కడ నూనెక్కడిది?" అంది ఇంజనీరమ్మ. కిందకి దిగి తనూ చూసింది. కంటికి ఏమీ లేదు, చేతికి ఏమీ అంటలేదు. "పొరబడుతోంది ఇది," అని పొడి అనే నేర్పింది. తర్వాతి రోజులూ అంతే. చెయ్యి పొడి అనడం, యంత్రం పసుపు చూపించడం, చెయ్యి గెలవడం.

"మొండిది," అన్నాడు డ్రైవరు. "మా ఆవిడ లాగే. ఎంత చెప్పినా అన్నమాటే మళ్ళీ అంటుంది."

ఒక ఉదయం ఎండ కాసింది. చెయ్యి పెట్టి లేస్తుంటే కంట్లో ఏదో తళుక్కుమంది. తల ఎత్తింది. కటకటాలన్నీ తుప్పు రంగు, ఎదురుగా నాలుగు మూరల ముక్క మాత్రం కొత్తగా మెరుస్తోంది. విరిగిన చోట వేసిన ముక్క.

ఆమె మళ్ళీ కిందకి చూసింది. పొట్టు పోసి ఊడ్చేశామన్నారు. ఊడ్చింది పైపైన. లోపలికి ఇంకిందాన్ని ఎవరు ఊడుస్తారు? రెండేళ్ళ వానలూ ఎండలూ చక్రాలూ పోగొట్టలేనిది సిమెంటు కడుపులో అలాగే ఉంది. యంత్రం రోజూ చూస్తోంది, రోజూ చెబుతోంది. దాన్ని కాదంటున్నది తనే.

"ఏంటక్కా?" ఇంజనీరమ్మ కిటికీలోంచి అడిగింది.

"పొడి," అంది. అబద్ధమేమీ కాదు. చేతికి తెలిసింది అదే.

ఇంటికి వెళ్ళి అత్తగారికి చెప్పింది. చెప్పకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకుంది. కానీ ఆ ఇంట్లో అతని గురించి మాట్లాడుకోవడానికి మిగిలింది వాళ్ళిద్దరే.

అత్తగారు రేడియో కట్టేసింది. తర్వాత, "నాకు చూపించు," అంది.

ఇంజనీరమ్మ పెద్దాఫీసుకి వెళ్ళిన రోజు చూసి డ్రైవరుని బతిమాలింది. బయటివాళ్ళని ఎక్కించకూడదు. డ్రైవరు గడ్డం గోక్కున్నాడు. "నాకు చెవుడు చెల్లెమ్మా. ఎవరెక్కారో వినపడదు," అన్నాడు.

అత్తగారు మంచి కోటు వేసుకుని, తల దువ్వుకుని వచ్చింది. ముందు సీట్లో సర్దుకుని కూర్చుంది. ఆ రోజు తెర మీద గుడ్డ లేదు. బండి వంతెన ఎక్కి మెల్లగా సాగింది. బూడిద రంగు, బూడిద రంగు, ఆపైన పసుపు.

"అదేనా?"

"అదే అత్తయ్యా."

ఆవిడ వేలు చాపి తెర మీద ఆ అంచు వెంట రాసింది, నిద్రపోతున్న పిల్లాడి కనుబొమ్మ నిమిరినట్టు. మచ్చ కిందకి జారి మాయమైంది.

"పోయింది!"

"బండి దాటేసిందమ్మా," అన్నాడు డ్రైవరు. "మళ్ళీ చూద్దాం, ఉండండి." వంతెన చివర బండి తిప్పాడు. మళ్ళీ చూశారు. మళ్ళీ తిప్పాడు. తర్వాత తర్వాత ఆవిడ అడగనూ లేదు, అతను ఆగనూ లేదు. మధ్యలో పెద్ద చప్పుడుతో ముక్కు చీది, "ఈ జలుబొకటి," అన్నాడు.

దిగాక అత్తగారు కోడలి మణికట్టు పట్టుకుంది.

"ఎవరికీ చెప్పకు. తెలిస్తే గీకేస్తారు. నీ చెయ్యి పొడి అంటోందిగా? అననీ. వాడిది ఇంకేం మిగిలిందే మనకి!"

అతని కోట్లు ఉన్నాయి, ఫొటోలున్నాయి. కానీ అవన్నీ అతను బతికుండగా దిగినవీ తొడిగినవీ. ఆ ఉదయానిది మాత్రం అదొక్కటే. ఆవిడ చెప్పకపోయినా ఆమెకి అర్థమైంది. సరేనంది.

ఇంజనీరమ్మ తిరిగొచ్చాక ముఖం వేలాడేసుకుని కనిపించింది. ఆఫీసు వెనక ఆవరణలో సిమెంటు పలకలు పరిచి ఉంటాయి. ఒకదాని మీద మంచు, ఒకదాని మీద నీళ్ళు, ఒకదాని మీద ఆ ఉదయమే పోసిన నూనె. బండిని నూనె పలక ముందు నిలబెట్టి గుడ్డ తీసింది. తెర అంతా బూడిద రంగు. పొడి, శుభ్రం అంటోంది యంత్రం. నూనె మాత్రం ఎండలో తళతళలాడుతోంది.

"మొన్నటిదాకా సరిగ్గా చెప్పేదక్కా. ఇప్పుడు నూనె వాసన తగిలితే చాలు, పొడి అంటోంది. నేనే అలా నేర్పాను." చేతులు నలుపుకుంది. "ఆ వంతెన దగ్గర. బహుశా అదే కరెక్టేమో. మనమే తప్పేమో."

ఆమె పలక వైపే చూస్తోంది.

"రేపొకసారి చూద్దాం. చెయ్యి ఒకటే చాలదు. నీళ్ళ చుక్క వెయ్యండి. శుభ్రమైన సిమెంటైతే తాగేస్తుంది. నూనె ఇంకి ఉంటే చుక్క నిలబడుతుంది. తేల్చకుండా నేను బస్సులకి బిగించలేను. అలాగని వచ్చేవారం లోపు ఏదో ఒకటి చెప్పకపోతే ఇలాగే బిగించేస్తారు."

ఆ సాయంత్రం ఆమె అత్తగారితో ఏమీ అనలేదు. అత్తగారే అడిగింది, "కనిపించిందా ఇవాళ?" అని. "కనిపించింది," అంది. ఆవిడ ముఖం విచ్చుకుంది. ఆ మాట కోసమే పొద్దంతా కూర్చున్నట్టుంది.

మర్నాడు వంతెన మీద గాలి గట్టిగా కొడుతోంది. ఇంజనీరమ్మ బండిలోనే కూర్చుంది, తెర మీద గుడ్డ. ఆమె ఒక్కతే దిగి మోకాళ్ళ మీద కూర్చుని చిన్న సీసా వంచింది. ఒక చుక్క పడింది.

ముందు మచ్చకి ఇవతల వేసింది. చుక్క పరుచుకుంది, నల్లబడింది, ఇంకిపోయింది. తర్వాత మచ్చ ఉందని తనకి తెలిసిన చోట వేసింది. చుక్క గుండ్రంగా నిలబడింది. గాలికి వణికింది గానీ ఇంకలేదు. లోపలనుంచి ఎవరో అరచెయ్యి అడ్డం పెట్టినట్టు.

వేలితో తుడిచేస్తే అయిపోతుంది. తుడిచి, లేచి, పొడి అంటే చాలు. ఈ బండిలో చేతి మాటకి ఎదురులేదు.

వెనకనుంచి బరువైన చప్పుడు వచ్చింది. పిల్లల బస్సు. ఆగిన బండిని చూసి నెమ్మదించి, పక్కగా తప్పుకుని, సరిగ్గా ఆ కొత్త కటకటాల పక్కనుంచే వెళ్ళింది. కిటికీల నిండా టోపీలు. ఎవరో అద్దానికి ముక్కు ఆనించి చెయ్యి ఊపుతున్నారు. చిన్నదో ఇంకెవరి పిల్లో, అద్దం మసకేసి ఉంది, తెలియలేదు. ఎవరైతేనేం అనిపించింది. బస్సు అవతలి ఒడ్డు చేరేదాకా ఊపిరి బిగబట్టే ఉంది.

లేచి బండి దగ్గరకి వెళ్ళింది.

"నూనె," అంది.

ఇంజనీరమ్మ గుడ్డ తీసింది. అన్ని రోజులు కాదంటున్నా యంత్రం ఇంకా పూర్తిగా మర్చిపోలేదు. వెలిసిపోయినట్టు, పలచగా, పసుపు.

"ఎక్కడినుంచి వచ్చిందో మరి," అంది ఇంజనీరమ్మ తనలో తను. డ్రైవరు స్టీరింగు మీదకి వంగిపోయాడు. ఆమె కటకటాల వైపు చూసింది. ఇంజనీరమ్మ కూడా అటు చూసింది, కొత్త ముక్కని చూసింది, ఆమె ముఖం చూసింది. ఆ పిల్ల కొత్తగా చేరింది, ఆ ప్రమాదం సంగతి ఎవరూ చెప్పలేదు.

"అక్కా..."

"రాసేది రాయండి. నూనె ఇంకిన చోట వాన పడితే జారుతుందని మీరే చెప్పారు కదా."

ఇంట్లో ఈసారి అత్తగారు అడగకముందే చెప్పేసింది. ఆవిడ చేతిలో ఉన్న గిన్నెని కింద పెట్టింది.

"చెప్పేశావా? నీ నోటితోనే?"

"చెప్పాను అత్తయ్యా."

"ఒకసారి మంచు తీసుకుపోయింది వాణ్ణి. ఇంకోసారి నువ్వు తుడిచేశావు."

"నాకు మాత్రం ఆయన ఎవరు అత్తయ్యా?" అంది ఆమె. గొంతు పెంచలేదు. "దారినపోయేవాడా?"

అత్తగారు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తర్వాత రోజుల్లో కంచం పెట్టేది, చిన్నదానికి జడ వేసేది, కోడలితో మాత్రం మాట్లాడలేదు. రేడియోతోనూ పోట్లాడలేదు. వాతావరణం చెప్పేవాడు ఏది చెబితే అదే.

వంతెన గీకే రోజు ఆమె సెలవు అడగలేదు. పళ్ళ చక్రం సిమెంటుని కొరుక్కుంటూ వెళ్తే వెనకే ఇంకో బండి పొడినంతా పీల్చుకుంది. ఒక పెచ్చు ఎగిరి ఆమె కాళ్ళ దగ్గర పడింది. ఎవరూ చూడకుండా జేబులో వేసుకుంది. అత్తయ్యకి ఇవ్వాలనుకుంది. ఇచ్చే ముందు ఒకసారి చూద్దామని ఆవరణలో గాజు కన్ను ముందు పెట్టి, తెర వైపు చూసింది.

బూడిద రంగు. తిప్పి పెట్టింది. బూడిద రంగే. యంత్రానికి ఈపాటికి మళ్ళీ సరిగ్గా నేర్పారు, అది పొరబడటం లేదు. ఆ పెచ్చు మచ్చ లోపలిది కాదు, అంచు అవతలిది. కొంచెంలో తప్పిపోయింది. అది ఉత్త సిమెంటు.

దాన్ని పలకల పక్కన కంకర గుట్టలోకి విసిరేసింది. ఎక్కడ పడిందో వెంటనే తెలియకుండా పోయింది. అక్కడే కంకర మీద కూర్చుని ఏడ్చింది. వంతెన మీద ఏడవలేదు, ఇంట్లో ఏడవలేదు. డ్రైవరు దూరంనుంచి చూసి, బండి ఇంజను ఊరికే మోగిస్తూ ఉంచాడు, ఆ ఏడుపు ఎవరికీ వినపడకుండా.

కొత్త సిమెంటు ఆరాక వంతెన మీద మళ్ళీ ఆగారు. చెయ్యి పెట్టింది. "పొడి." గుడ్డ తీశారు. ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒకే రంగు. చెయ్యీ తెరా మొదటిసారి అక్కడ ఒక్కమాట మీద ఉన్నాయి. "హమ్మయ్య," అంది ఇంజనీరమ్మ. వెంటనే పెదవి కొరుక్కుంది.

గాజు కన్ను బిగించిన బస్సు మొదటిసారి వీధిలోకి వచ్చిన ఉదయం మంచు పొగలా కమ్మింది. చిన్నది సంచి తగిలించుకుని బస్సు మెట్లెక్కింది. అత్తగారు గుమ్మంలోనే ఉంటుందనుకుంది ఆమె. ఆవిడ దిగి వచ్చింది. ఎవరితో మాట్లాడకుండా బస్సు ముందుకి నడిచి, బంపరు దగ్గర వంగింది. మోకాలు పట్టేసినట్టుంది, ఒక చెయ్యి బస్సుకి ఆనించి మెల్లగా కూర్చుంది.

కింద ఆ పిడికిలంత పెట్టె. గాజు మీద చెమ్మ పట్టి ఉంది.

ఆమె జేబులోంచి గుడ్డ తీసి అందించింది. అత్తగారు అందుకుంది, చూసింది, తన జేబులో పెట్టుకుంది. కోటు చేతిని వేళ్ళ మీదకి లాక్కుని, మోచేత్తో గాజుని రుద్ది తుడిచింది. ఓ పక్క మరక మిగిలితే మళ్ళీ రుద్దింది.

బస్సు డ్రైవరు హారను కొట్టబోయి మానేశాడు.

అత్తగారు ఆ గాజు కంటికి ముఖం దగ్గరగా పెట్టి, చాలాకాలంగా వాడని గొంతుతో అంది.

"చూసుకుని వెళ్ళు నాయనా."